ఖాళీ ట్యాంకుని పలకరించిన మనిషి

మా సారు పోయారన్న కబురు ఆసుపత్రి నర్సు చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళ. అల్ ఖర్జ్ ఊరి బయట, ఖర్జూర తోటల అంచున ఉన్న మా చిన్న ప్లాంటు ల్యాబులో నేను ఒక్కదాన్నే ఉన్నాను. గాజు గొట్టం చివర నుంచి ద్రవం చుక్క చుక్కగా సీసాలోకి దిగుతోంది. ఫోను మోగింది.

"అమ్మా, నేనండీ, రియాద్ ఆసుపత్రి నుంచి. మీ సారుగారు ఇందాకే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారండీ. ఆంటీగారు మంచం పక్కనే కూర్చున్నారు. ఏడవట్లేదండీ ఆవిడ. అదే నాకు భయంగా ఉంది. మీరొస్తే బాగుంటుందండీ."

ఆ నర్సుది భీమవరం దగ్గర ఊరు. సారు ఆ వార్డులో చేరినప్పటి నుంచీ, తెలుగు మాట్లాడే మనిషి దొరికిందని ఆయన భార్య, అంటే మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ, ఈ నర్సును వదిలిపెట్టలేదు.

హీటరు ఆపేసి, సీసాకు మూత కూడా పెట్టకుండా బయల్దేరాను. సారును సొంతూరు కడపకు పంపించి, మళ్లీ ల్యాబులో అడుగు పెట్టేసరికి ఆ సీసాలో ఉన్నది నల్లబడిపోయి ఉంది. అది దాని స్వభావమే. తీసిన పూట మంచినీళ్లలా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ పసుపు, తరవాత టీ రంగు, చివరికి డికాషన్ నలుపు. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మార్పు చూసి, సీసా మురికిగా ఉందేమోనని మళ్లీ కడగబోయాను. సారు నవ్వారు.

"నువ్వేం తప్పు చేయలేదమ్మా. అది అట్లనే ముసల్ది అయితాది. మనకంటే బిరీన అయితాది, అంతే."

ఆయన మా ప్లాంటుకు పెద్ద. నేనూ, జగిత్యాల నుంచి వచ్చిన ఆపరేటరు మల్లేశూ ఆయన్ని సారు అనేవాళ్లం. పాకిస్తానీ ఫిట్టరు యూసుఫ్ భాయ్ 'బడే సాబ్' అనేవాడు. మేనేజరు కుర్ర సౌదీ ఇంజనీరు, అందరం అరబ్బీలో ముదీర్ అని పిలిచే మనిషి. అతను మాత్రం సారును 'డాక్టర్' అనేవాడు. సారుకు డాక్టరేటు లేదు. ఒకటి రెండుసార్లు ఆ సంగతి చెప్పి చూసి, తరవాత ఊరుకున్నారు.

సన్నటి మనిషి. టోపీ కింద చేతిరుమాలు కట్టుకుని, దాని కొసలు చెవుల మీద పడకుండా వెనక్కి మడిచేవారు. చెవులు ఎప్పుడూ బయటికే ఉండాలి ఆయనకు. ఎండలో మాడిపోయినా సరే. టీ నిలబడే తాగేవారు. ట్యాంకులకు వీపు పెట్టి కూర్చోగా నేను ఏనాడూ చూడలేదు.

మేం చేసే పని చెప్పాలి. ఖర్జూర చెట్లకు ఏటా పాత మట్టలు కోసేస్తారు. ఇదివరకు వాటిని తోటల చివర కుప్పపోసి కాల్చేవాళ్లు. మా ప్లాంటు వాటిని తెచ్చుకుని, ముక్కలు చేసి, పల్చటి ఆమ్లం కలిపి, మూసిన పాత్రలో ఆవిరితో ఉడికిస్తుంది. మట్టల పీచులో ఒక రకం చక్కెర దాగి ఉంటుంది. అది విడిపోయి, విరిగి, రూపం మార్చుకుని ఆవిరితో పాటు పైకొస్తుంది. చల్లార్చి వేరు చేస్తే వచ్చేదే ఫర్ఫురాల్. జిగుర్లు, ద్రావకాలు, ప్లాస్టిక్‌కు ముడిసరుకు... ఇవాళ పెట్రోలియం నుంచి తీస్తున్న చాలా వాటిని దీని నుంచి మొదలుపెట్టి చేయవచ్చు. నూనె బావి ఒకనాటికి అడుగంటుతుంది. చెట్టు మళ్లీ మట్ట వేస్తుంది.

చేరిన మొదటి వారంలో నేను తెలివైన ప్రశ్న వేశాననుకుని అడిగాను. "సార్, నూనె మీద కూర్చున్న దేశం ఇది. ఇక్కడ మట్టలు ఉడకబెట్టుకోవడం ఏమిటి?"

ఆయన కాళ్ల కిందికి చూశారు. "కింద ఉండేది గూడ ఒకప్పుడు పచ్చగా ఉన్నిందేనమ్మా. చచ్చి, మునిగి, మన్ను కప్పుకుని, ఎవరూ చూడని చోట నూనె అయినాది. దానికి ఎంత కాలం పట్టిందో. మనకంత ఓపిక లేదు. నిన్న కోసిందాన్ని ఈ పొద్దే అడుగుతాండాం."

మామూలుగానే అన్నారు. ఆ తరవాత చాలా రోజులు నాకు ఆ ఇసుక మీద గట్టిగా అడుగు వేయబుద్ధి కాలేదు.

ఫర్ఫురాల్‌కు వేయించిన బాదం పప్పు, మాడిన రొట్టె కలిపినట్టుండే వాసన. కొత్తవాళ్లకు ఆకలి పుడుతుంది. కానీ అది విషం. ఊపిరిలోకి పోయినా, చర్మానికి తగిలినా మంచిది కాదు. రోజూ అక్కడే తిరిగేవాళ్లకు కొన్నాళ్లకు ఆ వాసన తెలియడం మానేస్తుంది. అదే పెద్ద ప్రమాదం. అందుకని సారు ఒక పాత పద్ధతి పట్టుకొచ్చారు. పొద్దున్నే నేను చేతి తొడుగులు వేసుకుని తెల్లటి వడపోత కాగితాన్ని పేలికలుగా కత్తిరించి, ఒక ద్రావణంలో తడిపి ఇచ్చేదాన్ని. వాటిని పంపుల దగ్గర, గొట్టాల అతుకుల దగ్గర, ట్యాంకుల మూతల దగ్గర వేలాడదీసేవారు. ఫర్ఫురాల్ ఆవిరి రవ్వంత తగిలినా ఆ కాగితం ఎర్రబడుతుంది. మొదట గులాబీ రంగు, చూస్తుండగానే రక్తపు ఎరుపు.

"ముక్కు అలవాటు పడతాది. కాగితం అలవాటు పడదు," అనేవారు.

మల్లేశ్ మొదటిసారి వాటిని చూసి, "సారు, ఇవి తాయెత్తులా?" అని అడిగాడు.

"అట్లనే అనుకో. కట్టుకునేవి కావు, చూసుకునేవి."

దుమ్ము లేచిన రోజుల్లో బయటి పనులు ఆపేసి అందరం లోపల కూర్చునేవాళ్లం. కిటికీలోంచి చూస్తే బయట గోధుమరంగు గాలిలో ట్యాంకులు కనబడేవి కావు. ఆ తెల్లటి పేలికలు మాత్రం వరసగా కదులుతూ కనిపించేవి, ఎవరో కనబడని మనుషులు నిలబడి చేతులు ఊపుతున్నట్టు. అలాంటప్పుడు వాటిలో ఒకటి ఎర్రబడిందంటే సారు ఇంక కూర్చోలేకపోయేవారు. ముఖానికి గుడ్డ చుట్టుకుని ఆ దుమ్ములోకే నడిచేవారు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. నేను రాయాలనుకున్నది దాని గురించే.

శుభ్రం చేయడానికి ఖాళీ ట్యాంకులోకి మనిషిని దించే ముందు చేయాల్సిన పరీక్షలు చాలా ఉంటాయి. అన్నీ అయ్యాక, సంతకాలన్నీ అయ్యాక, సారు ట్యాంకు దగ్గరికి వెళ్లి, గ్లవ్ తీసేసి, వేళ్ల కణుపులతో దాని మీద తట్టేవారు. తలుపు తట్టినట్టు. తట్టి చెవి ఆనించేవారు. కాసేపు ఆగి మళ్లీ తట్టేవారు. రేకు మందం చూస్తున్నారేమో అనుకున్నాను మొదట్లో. ఒకరోజు అడిగేశాను.

"పలకరిస్తాండా," అన్నారు.

"ఎవర్ని సార్?"

"ఉండే వాళ్లను." అంతకు మించి చెప్పలేదు.

సాయంత్రం ఎండ దిగేటప్పుడు ప్లాంటంతా టిక్కు టిక్కుమంటుంది. పగలంతా కాలిన ఇనుము చల్లబడుతూ చేసే చప్పుడు. సారు ఇంటికి బయల్దేరే ముందు ఆ చప్పుళ్ల మధ్య నిలబడి, ఒక్కో మూల వైపు తల తిప్పి వినేవారు. "ఇది ఇనుము మాట. దీంతో భయం లేదు," అనేవారు. భయం దేనితో అని అడగాలనిపించేది. అడిగితే చెబుతారేమోనని అడగలేదు.

శుక్రవారాలు నన్నూ మా ఆయన్నీ భోజనానికి పిలిచేవారు. ఆంటీ జొన్న రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి చేసేది. మాది సామర్లకోట. ఆ కారానికి నా కళ్లలో నీళ్లు వస్తుంటే ఆవిడ నెయ్యి గిన్నె నా ముందుకు తోసి నవ్వేది. ఒకసారి సారు చెయ్యి కడుక్కోవడానికి లేచి, ఎవరూ లేని బాత్రూం తలుపు తట్టి, ఆగి, చెవి పెట్టి, అప్పుడు తీశారు. నేను చూడటం ఆంటీ చూసింది.

"ఇంట్లో గూడ ఇదే వరసమ్మా," అంది గొంతు తగ్గించి. "లోపల ఎవరూ లేరని తెలుసు. ఉండేది మేమిద్దరమే. నేను ఈడ వంటింట్లో ఉంటి కదా. అయినా తడతాడు. పెండ్లైన కొత్తల్లో నాకు ఒళ్లు జల్లుమనేది. ఏంటికని అడిగితే చెప్పడు. ఇంక అడిగేది మానేస్తి."

ఆ తరవాత వచ్చిన చలికాలంలో జరిగిందిది.

మరుసటి రోజు రియాద్ నుంచి పెద్దవాళ్లు ప్లాంటు చూడటానికి వస్తున్నారు. అడుగున మడ్డి దిగే ట్యాంకును ముందురోజే కడిగించారు. ఆ ఉదయం మల్లేశ్ లోపలికి దిగి, గోడలకు అంటిన నల్లటి పొరను గీకాలి. ట్యాంకుకు వచ్చే గొట్టాలన్నిటి మధ్య ఇనుప బిళ్లలు బిగించి దారులు మూసేశారు. లోపల గాలి బాగుందని మీటరు చెప్పింది. మండే ఆవిర్లు సున్నా అని కూడా చెప్పింది. పక్కనున్న మరుగుడు పాత్ర మాత్రం నడుస్తోంది. దానికీ దీనికీ సంబంధం లేదని అందరి లెక్క.

రాత్రి లేచిన దుమ్ము ఇంకా పూర్తిగా దిగలేదు. సూర్యుడు తెల్లటి బిళ్లలా, ఎవరో అక్కడ అంటించి మరిచిపోయినట్టు ఉన్నాడు. మల్లేశ్ ఒంటికి బెల్టులు బిగించుకుని ట్యాంకు నోటి దగ్గర నిలబడ్డాడు. ఆ బెల్టులకు కట్టిన తాడు యూసుఫ్ భాయ్ చేతిలో ఉంది. ముదీర్ గడియారం చూసుకుంటున్నాడు. నేను కాగితాల డబ్బాతో సారు వెనక ఉన్నాను.

సారు గ్లవ్ తీశారు. తట్టారు. చెవి ఆనించి ఆగారు.

లోపల నుంచి ఎవరో తట్టారు.

గట్టిగా కాదు. ఆయన ఎంత మెల్లగా తట్టారో అంత మెల్లగా. ఆయన ఎంత ఎడం ఇచ్చారో అంతే ఎడంతో.

యూసుఫ్ భాయ్ చేతిలో తాడు జారింది. "అందర్ కౌన్ హై, సాబ్?" అన్నాడు. లోపల ఎవరున్నారు? ముదీర్ టార్చి తీసుకుని ట్యాంకు నోట్లోకి వంగి అంతా వెలుగు తిప్పాడు. నేనూ చూశాను. ఖాళీ. తడి ఆరిన నేల, గోడల మీద నల్లటి చారలు. అంతే.

"ఎండ తగిలి ఇనుము సాగుతోంది," అన్నాడు ముదీర్ ఇంగ్లీషులో. ఎండ లేదని అతనికీ తెలుసు.

సారు ముఖం చూశాను. భయపడతారనుకున్నాను. భయం లేదు. ఎప్పటి నుంచో వస్తారు వస్తారనుకుంటున్న మనిషి చివరికి గుమ్మంలోకి వస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆ ముఖం. నా వైపు తిరగకుండానే చెయ్యి చాచారు. "కాగితం ఇయ్యమ్మా."

ఆయన దాన్ని పొడవాటి కడ్డీకి కట్టి ట్యాంకులోకి దించారు. పైకి తీసేసరికి పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉంది.

"ఎవరూ దిగరు," అన్నారు సారు.

ముదీర్ చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు అతని మీద చాలా బరువుంది. "డాక్టర్, నిన్న కడిగిన దాని తాలూకు వాసన ఏదో మిగిలి ఉంటుంది. మీటరు సున్నా చూపిస్తోంది. ఏదో శబ్దం విని పని ఆపామని రేపొచ్చే వాళ్లకు ఎలా చెప్పను?"

"శబ్దం సంగతి చెప్పొద్దు. కాగితం సంగతి చెప్పు," అన్నారు సారు. "కడిగిన ట్యాంకులోకి ఇది ఇప్పుడు యాడి నుంచో వస్తాండాది. యాడి నుంచో తెలిసేదాకా వీడు దిగడు." కంగారులో ఆయన సగం తెలుగులోనే మాట్లాడారు. ముదీర్‌కు అర్థమైంది.

ట్యాంకు చుట్టూ తిరిగాం. నేను కాగితం ఇవ్వడం, ఆయన ఒక్కో అతుకు దగ్గర పట్టుకుని చూడటం. ముందువైపు తెల్లగానే ఉన్నాయి. వెనకవైపు, కింద, వేడి పోకుండా తగరపు రేకు చుట్టిన చోటికి వచ్చేసరికి కాగితం రేకుకు తగలక ముందే గులాబీ రంగుకు తిరిగింది. సారు రేకు చూపించారు. యూసుఫ్ భాయ్ దాన్ని విప్పి, లోపలి దూదిలాంటి పొర లాగేశాడు.

బొటనవేలంత గొట్టం ఒకటి బయటపడింది. ఎప్పుడో మొదటి ప్రయోగాల రోజుల్లో, పక్కనున్న మరుగుడు పాత్ర అడుగు నుంచి ఈ ట్యాంకులోకి వేసింది. పని అయిపోయాక ఎవరూ తీసేయలేదు. పైన రేకు చుట్టేశారు. ప్లాంటు నక్షాలో లేదు. వేసినవాళ్లు ఇప్పుడు ఇక్కడ లేరు. యూసుఫ్ భాయ్ దాని మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. వేడిగా ఉంది.

అతను పాత్ర దగ్గరున్న వాల్వు వైపు పరిగెత్తాడు. అందేలోపే గొట్టంలో గర్రుమని చప్పుడైంది. మేం ముందువైపుకు వచ్చేసరికి ట్యాంకు నోట్లోంచి తెల్లటి ఆవిరి బయటికొస్తోంది. చలి పొద్దున మనిషి ఊపిరి వదిలినట్టు, ముందు తాపీగా, తరవాత బుసకొడుతూ. లోపల నల్లటి ద్రవం మరుగుతూ నేలంతా పరుచుకుంది. మల్లేశ్ దిగి ఉంటే సరిగ్గా అక్కడే మోకాళ్ల మీద ఉండేవాడు.

మల్లేశ్ ఇసుకలో కూలబడి బెల్టు కొక్కెం తీయబోయాడు. వేళ్లకు పట్టు దొరకలేదు. సారు అతని ముందు గొంతుకూర్చుని ఒక్కో కొక్కెమే విప్పారు.

"పో, ఊరికి ఫోన్ చేసి మాట్లాడు."

"ఏం చెప్పాలె సారు?"

"ఏమీ చెప్పొద్దు. వాళ్ల గొంతు విను."

తరవాత ముదీర్ ఆలోచించి ఒక కారణం చెప్పాడు. ఆ గొట్టంలో చల్లబడిన నీటిని వెనక నుంచి ఆవిరి తోస్తే సుత్తితో కొట్టినట్టు చప్పుడవుతుంది, మనం విన్నది అదే అని. అయ్యుండవచ్చు. నేను రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని, కాదనను. ఆ గొట్టం ట్యాంకు వెనక ఉంది. మేం విన్న చప్పుడు ముందు నుంచి, సారు చెవి పెట్టిన చోటి నుంచి వచ్చింది. ఆయన తట్టిన తరవాతే వచ్చింది. ఈ మాట నేను ముదీర్‌తో అనలేదు. సారు కూడా అనలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ మరుసటి రోజు నుంచి, డాక్టర్ వచ్చి తట్టందే ఏ ట్యాంకులోకీ మనిషి దిగకూడదని ముదీరే ఆర్డరు వేశాడు.

ఆ సాయంత్రం సారును నా కారులో ఇంటి దగ్గర దింపడానికి తీసుకెళ్లాను. పాల డెయిరీల కంచెలు దాటాం. తరవాత, "నీకు గూడ ఇనపడిందా?" అన్నారు.

"వినపడింది సార్."

"మల్లేశుకు?"

"అందరికీ వినపడింది."

ఆయన సీటుకు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "బతికించినావు," అన్నారు. "ఇన్నేండ్లూ నాకొక్కడికే అనుకుంటాంటి. నా తలకాయలోనే ఏదో ఉండాదేమో అని."

అప్పుడు చెప్పారు. పెళ్లికి ముందు మాట. మన దగ్గరే ఒక ఫ్యాక్టరీలో మొదటి ఉద్యోగం. అక్కడ చెరకు పిప్పితో ఇలాంటి పనే చేసేవాళ్లట. ఒకరోజు ఖాళీ ట్యాంకులోకి ఒక్కడే దిగారు. "అప్పుడు మీటర్లు యాడివి, తాళ్లు యాడివి. లైటు పట్టుకుని దిగితి. లోపల గాలి చెడిపోయుండాది. కాళ్లు చచ్చుబడె. లైటు కింద పడి ఆరిపాయ. చీకటి. నోరు యా దిక్కున ఉండాదో తెలీదు. అరుద్దామంటే గొంతు రాదు. ఇంక అంతే అనుకుంటి. అప్పుడు బయట నుంచి ఎవరో తట్టిరి."

కారు నెమ్మది చేశాను.

"తట్టి, ఆగి, మళ్లా తట్టిరి. తొందర లేదు వాళ్లకు. ఆ సద్దు దిక్కుకు పాక్కుంటా పోతి. నిలిస్తే తట్టేవాళ్లు. కదిలితే ఆగేవాళ్లు. చేతికి అంచు తగిలె. తల బయట పెట్టి గాలి పీల్చి చూస్తే, ఎవరూ లేరు. అందరూ ఆ చివర షెడ్డులో అన్నాలు తింటాండారు. ఒక్కొక్కరిని అడిగితి. ఎవరూ ఆ దిక్కుకే రాలేదంట."

"మరి..."

"ఆ పొద్దు నుంచి తడతాండా. లోపల ఎవరన్నా ఉంటే వాళ్లకు దారి తెలియాల కదా. ఎప్పుడన్నా ఒకసారి లోపల నుంచి తిరిగి తడతారు. తీసి చూస్తే ఖాళీ."

"ఎవరు సార్ వాళ్లు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఆ పొద్దు బయట ఎవరూ లేరమ్మా. అయినా ఎవరో ఒకరు తట్టుంటేనే కదా నేను బయటపడింది. నేను ఇన్నేండ్లుగా తడతానే ఉండా. యా తట్టు యాడికి చేరుతాదో మనకేం తెలుసు."

ఆయన ఏమంటున్నారో నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఎప్పటిదో ఆ చీకటి ట్యాంకులో పాకుతున్న కుర్రవాడికి, అంటే ఒకప్పటి తనకే, దారి చూపడానికే ఈయన ఇన్నేళ్లుగా ట్యాంకుల బయట నిలబడి తడుతున్నారు. ఆ చప్పుడు ఏదో ఒకనాడు అక్కడికి చేరుతుందని, చేరే ఉంటుందని ఆయన నమ్మకం. ఏ లెక్కనైనా ఒకటికి రెండుసార్లు చేసి చూసుకునే మనిషి ఈ ఒక్కటి మాత్రం లెక్క చూడకుండానే నమ్మారు. మిగతావాళ్లు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆంటీకి కూడా.

ఆ తరవాతి వేసవిలో గుండె జబ్బు బయటపడింది. పని మానేయమన్నారు డాక్టర్లు. దేశం వదిలి పూర్తిగా ఇంటికి వెళ్లిపోవడానికి ఇచ్చే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు మొదలయ్యాయి. ఇదిగో ఈ బ్యాచ్ అయిపోనీ, అదిగో ఆ పంపు మార్చనీ అంటూ ఆయనే జరుపుతూ వచ్చారు. చివరికి ఒకరోజు ప్లాంటు మెట్ల మీద కూర్చుండిపోయారు. అక్కడి నుంచి రియాద్ ఆసుపత్రికి.

నేను చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు సారు మొదట అడిగింది ట్యాంకుల దగ్గర కట్టే కాగితాల గురించే.

"కడతాండారా?"

"కడుతున్నాం సార్. ఇప్పుడు మల్లేశ్ చూసుకుంటున్నాడు."

"ముక్కును నమ్మొద్దని చెప్పు వానికి. మరి తట్టేది?"

"నేను తడుతున్నాను సార్."

నన్ను కాసేపు చూశారు. "తట్టి ఊరికే వచ్చేయొద్దమ్మా. తట్టేది ఎవరైనా తడతారు. తట్టినాక ఆగాల. ఆగేదే పని."

ఆయన పోయిన మధ్యాహ్నం నేను వార్డు చేరేసరికి ఆంటీ నర్సు చెప్పినట్టే కూర్చుని ఉంది. ఏడవలేదు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తరవాత, ఆంటీ కాగితాల కోసం ఆఫీసు గదికి వెళ్లినప్పుడు, నర్సు నన్ను నడవలోకి తీసుకెళ్లింది. నర్సులు చావులు చూసినవాళ్లు. అయినా ఆమె ఒకసారి వెనక్కి తిరిగి వార్డు వైపు చూసింది.

"పొద్దున్నుంచీ మానిటర్ చప్పుడు తగ్గించమని అడుగుతున్నారండీ. వినపడట్లేదు అంటారు. ఏం వినపడట్లేదో చెప్పరు. సరే, కొంచెం తగ్గించాను. తల గోడకు ఆనించి పడుకున్నారు. ఏం వింటున్నారండీ అని అడిగితే, ఈసారి తట్టే పని నాది కాదు తల్లీ అన్నారండీ. నాకర్థం కాలేదు. కాసేపటికి, ఎవరో పిలిస్తే చూసినట్టు తలుపు వైపు తిరిగారు. మొహం ఎంత బాగుందోనండీ. నేనూ వెనక్కి తిరిగి చూశాను."

"ఎవరు?"

"ఎవరూ లేరండీ. తలుపు కొంచెం తెరిచి ఉంది, అంతే. కానీ ఆంటీగారు కుర్చీలోంచి లేచి నిలబడి కొంగు సర్దుకున్నారండీ. ఎవరో పెద్దవాళ్లు లోపలికి వచ్చినప్పుడు సర్దుకుంటాం చూడండి, అలాగ."

ఆంటీని ఆ సంగతి నేను అడగలేదు. ఎయిర్‌పోర్టులో, కార్గో కాగితాలు పూర్తయ్యాక, నా చెయ్యి పట్టుకుని తనే ఒక మాట అంది. "నేను ఇన్ని దినాలు ఆయప్పకు పిచ్చి అనుకుంటినే." అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆయన నాకు ఉద్యోగం నేర్పారు. ఒక మట్టలోంచి ఏమేం తీయవచ్చో, ఎంత వేడికి ఏది విరుగుతుందో, ఏ రంగు ఏం చెబుతుందో నేర్పారు. అవి పుస్తకాల్లోనూ దొరుకుతాయి. ఎదుట ఉన్నది ఖాళీ అని అందరూ సంతకాలు పెట్టాక కూడా ఒకసారి అడిగి చూడాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మల్లేశ్ మొన్న ఊరు వెళ్లొచ్చాడు. కూతురు పుట్టింది. ఫోటో చూపిస్తూ, "సారు లేకుంటే ఈ పిల్ల మొకం సూసెటోన్ని కాదు మేడం," అన్నాడు. ఇప్పుడు ట్యాంకుల్ని నేను తడుతున్నాను. ఆగుతున్నాను. ఇంతవరకూ తిరిగి ఏమీ వినపడలేదు. వినపడాలని ఉందో, వద్దని ఉందో నాకే తెలియదు.

నిన్న ఉదయం ప్లాంటుకు వెళ్తుంటే దారంతా దుమ్ము. తోటల పక్కకు వచ్చేసరికి ఖర్జూర చెట్ల మొదళ్లు మాత్రం కనబడుతున్నాయి. పైన తలలు లేవు. మట్టలు కోసే రోజులివి. మనుషులు పైకెక్కి ఉంటారు. ఎక్కినవాళ్లు కనబడటం లేదు, కత్తి చప్పుడూ లేదు. కారు పక్కకు ఆపి అద్దం దించాను. దుమ్ములోంచి ఒక మట్ట రాలింది, తొందర లేకుండా తిరుగుతూ. నేలను తాకి, దాని ఆకులు కాసేపు వణికి ఊరుకున్నాయి. సారు తట్టి ఆగినంత ఎడం ఇచ్చి, పక్క చెట్టు నుంచి ఇంకొకటి.